తూకమును, తరుగును

(విజయవాడలోని యొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



నేటి ప్రసంగమునకు "నిత్యవ్యవహారమున కొలమానముల సంస్కరణము" అని పేరు పెట్టితిమి. గోడమీది ప్రకటన చూచి కొందఱు మిత్రులు నవ్విరి. "వీసెలు పోయి కిలోలు వచ్చి అఱువదియేండ్లు దాటినది. ఆ సంస్కరణము మా తాతలనాడే ముగిసినది గదా! ఇంక సంస్కరింపవలసిన దేమున్నది?" అని యడిగిరి. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పుటకే ఈ సాయంకాలము మీ యెదుట నిలిచియున్నాము.

మొదట పాతలెక్కను ఒకమాఱు జ్ఞప్తికి దెచ్చుకొందము. నాలుగు గిద్దలు సోల; రెండు సోలలు తవ్వ; రెండు తవ్వలు మానిక; రెండు మానికలు అడ్డ; రెండు అడ్డలు కుంచము; నాలుగు కుంచములు తూము; ఇరువది తూములు పుట్టి. ఇవి కొలుచు సరకులకు. తూచు సరకులకు వేఱులెక్క. మూడు తులములు పలము. అయిదు పలములు ఏబులము. పది పలములు పదలము. నలువది పలములు వీసె. ఎనిమిది వీసెలు మణుగు. ఇరువది మణుగులు బారువ. వీథిబడులలో పిల్లలు దీనిని ఎక్కములతోపాటు వల్లించెడివారు. వినుట కిప్పటికిని ఇంపుగానే యుండును. మన సభలోని పెద్దలలో కొందఱు పెదవులు కదలించుచుండుట మేము చూచుచునే యున్నాము.

ఆ యింపు చెవికేగాని సంచికి కాదు. మానిక యనగా నెంత? ఏ యూరి మానిక? అంచుసమముగా తలకొట్టిన మానికయా, పైన శిగపోసిన మానికయా? శిగపోసి తెచ్చుకొని తలకొట్టి యిచ్చువానికి కుంచము మార్చనక్కఱలేకయే లాభము వచ్చును. మణుగుమాట యింకను విచిత్రము. చెన్నపట్టణపు మణుగు ఇంచుమించు 25 పౌనులు. రైలుకంపెనీల మణుగు 40 శేర్లు, అనగా 82 పౌనులకు పైమాట. పేరొకటే, బరువు మూడింతలకు పైబడి తేడా. 1939లో నాటి ప్రభుత్వము తులము 180 గ్రెయిన్లనియు, శేరు 80 తులములనియు, మణుగు 40 శేర్లనియు ఒక చట్టము చేసెను. కాని ఆ చట్టము తూనికలకు మాత్రమే వర్తించినది. అమలు పఱచుభారము రాష్ట్రములపై వదలబడినది. కుంచము కుంచముగనే యుండిపోయినది.

కళ్లములో ధాన్యము కొలుచునపుడు మనవారు "ఒకటి" అనక "లాభము" అని మొదలు పెట్టుదురు. "ఏడు" అనుట ఏడ్పును దలపించునని "ఆఱున్నొకటి" యందురు. మంచి యాచారమే, శుభము కోరుటలో తప్పు లేదు. ఆ లాభమెవరిదని మాత్రము కళ్లములో నెవరును అడుగరు.

ఈ బాధ మనకొక్కరికే చెందినది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము తూనికలు కొలతల కని పౌతవాధ్యక్షుడను ప్రత్యేకాధికారిని విధించినది. ఇట్టి మోసము పురాతనమని యెఱుగుటకు ఈ యొక్క నిదర్శనము చాలును. ఫ్రాన్సుదేశమున 1789 నాటి విప్లవమునకు ముందు గ్రామములవారు ప్రభువునకు పెట్టుకొన్న మొఱలలో కొలతలను గూర్చిన మొఱ పలుమాఱు వినవచ్చినది. జమీందారు శిస్తు పుచ్చుకొను కొలపాత్ర జమీందారు చేతిలోనే యుండెను. 1795లో వారు మీటరు, గ్రాము, లీటరులను శాసించిరి. అంతటితో పని ముగిసినదా? 1812లో నెపోలియను మరల వాడుకకొలతలను కొంతవఱకు అనుమతింపవలసి వచ్చెను. మీటరు పద్ధతియే విధిగా అమలగుటకు 1840 వఱకు పట్టినది. అనగా నలువదియైదేండ్లు. చట్టమునకు ఒకదినము చాలును. అలవాటునకు ఒక తరము గడువవలెను.

మనదేశము ఈ విషయమున ఫ్రాన్సుకంటె చుఱుకుగా నడచినదని మేము గర్వముతో చెప్పుకొనవచ్చును. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడినది. ఆ సంవత్సరమే డిసెంబరు 28న తూనికలు కొలతల ప్రమాణచట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. ఆ 1957లోనే మన యూరికడ ప్రకాశము బ్యారేజి నిర్మాణము ముగిసినది. 1958 అక్టోబరు 1న మీటరు తూనికలు మొదలైనవి. 1962 ఏప్రిల్ 1 నాటికి వీసె, మణుగు నిషిద్ధములైనవి. ఒకవైపు సెంట్లు, మఱియొకవైపు గుంటలు. ఒకవైపు ఇంగ్లీషు రూపాయి, మఱియొకవైపు ఏడు రూపాయలకు ఆఱు రూపాయలు మాఱు హాలీసిక్కా. ఇట్టి రెండు తెలుగునేలలు ఒక్కరాష్ట్రమైన కాలమున ఈ మార్పు వచ్చుట మిక్కిలి యుపకారమైనది. ఆనాడు కిలో, లీటరులకు దేశీయనామములు పెట్టవలెనను వాదము కొందఱు చేసిరి. చట్టము అంతర్జాతీయనామములనే నిలిపినది. స్వదేశాభిమానులమైన మేముకూడ అదియే మంచిదైనదని తలంచుచున్నాము. దేశాభిమానము రాతి పేరులో నుండదు. రాతి నిజములో నుండవలెను.

ఆ మార్పులో చిల్లరవర్తకునికి కొంతలాభము చిక్కినమాట నిజము. అణాకు ఆఱుంబావు నయాపైసలు. పావుపైస నాణెము లేదు గనుక అణాకు ఆఱు, బేడకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు ఇరువదియైదు అని పట్టిక వేసిరి. నాలుగు అణాలు వేఱువేఱుగా మార్చినవానికి ఇరువదినాలుగే దక్కును. ఇట్టి చిన్నతేడాలు కొలది సంవత్సరములలో సమసిపోయినవి. 2011 జూన్ 30తో పావలా నాణెమే చెల్లకపోయినది. పావలా యను మాట మాత్రము పోలేదు. ఊరూర వడ్డీ ఆమాటతోనే యున్నది.

ఇచట వడ్డీని గూర్చి ఒకమాట చెప్పి ముందునకు పోయెదము. న్యాయస్థానములలో మేము నిత్యము చూచు ప్రామిసరీనోట్లలో "నెల ఒకటింటికి నూటికి రెండు రూపాయల వడ్డీ" యని వ్రాసియుండును. రెండు రూపాయలే గదా యని వ్రేలిముద్ర వేయువాడు తలంచును. అది సంవత్సరమునకు 24 శాతము. ఏడుశాతమని వినగానే బెదరి బ్యాంకు పంటరుణము వలదను రైతు, అది నూటికి నెలకు అఱువదిపైసలలోపే యని యెఱుగడు. రెండు వడ్డీలను రెండు వేర్వేఱు కోలలతో కొలుచుటచే బరువైనది తేలికగాను, తేలికైనది బరువుగాను తోచుచున్నది. పత్రములో సాలుకు శాతము కూడ వ్రాయించుడని మా కక్షిదారులకు చెప్పుచున్నాము. కొందఱు వినుచున్నారు.

ఇప్పుడు అసలువిషయమునకు వచ్చెదము. కృష్ణాడెల్టాలో ధాన్యము కిలోలలో అమ్ముడుపోవుటలేదు, బస్తాలలో అమ్ముడుపోవుచున్నది. బస్తా యనగా 75 కిలోలని యందఱు చెప్పుదురు. ప్రభుత్వము ప్రకటించు మద్దతుధర క్వింటాలునకు. 2025-26 సంవత్సరమునకు సాధారణరకము ధాన్యము క్వింటాలు 2,369 రూపాయలు. బస్తాకు లెక్కకట్టిన 1,776 రూపాయల 75 పైసలు. ఈ లెక్క ప్రతి రైతునకు తెలియును, చేతివేళ్లమీద చెప్పగలడు. తెలియనిది ఆ బస్తాలోనికి వాస్తవముగా పోవుచున్న ధాన్యమెంత యనునది. తేమకని ఒక కిలో, తాలునకని ఒక కిలో, గోనెసంచికని కొంత, కాటామీద ముల్లు కుదురుకొనుటకని గుప్పెడు. వీటియన్నిటికి కలిపి పెట్టినపేరు తరుగు.

బస్తాకు రెండుకిలోల తరుగు చిన్నమాటవలె వినబడును. ఒక ఉదాహరణము వేసి చూతము. అయిదెకరముల కౌలురైతు, ఎకరమునకు ముప్పది బస్తాలు పండినవనుకొందము. మొత్తము 150 బస్తాలు. తరుగు 300 కిలోలు, అనగా మూడు క్వింటాళ్లు. మద్దతుధరనుబట్టి 7,107 రూపాయలు. కౌలు బస్తాలలోనే కుదురును గనుక, భూస్వామికి కొలిచియిచ్చు బస్తాకును ఆ రెండుకిలోలే చేర్చిన, అతడు రెండువైపుల తఱుగుచున్నాడు. ఇది దొంగతనమని యెవరును అనరు. దొంగతనమైన పోలీసులకు చెప్పుదురు. ఇది మామూలు. మామూలునకు సాక్షి యుండడు, రశీదు ఉండదు.

వర్తకులందఱు మోసగాండ్రని మేమనుటలేదు. ఊరి వర్తకునివద్ద పుచ్చుకొను మిల్లరు తరుగు తీసికొనును. దానిని వర్తకుడు రైతుపై నెట్టును. గోనెసంచికి బరువుండుటయు నిజమే; ఏబదికిలోలు పట్టు జనపసంచి అరకిలోకు కొంచెము పైగా తూగును. ప్రభుత్వపు కొనుగోలున తేమ పదునేడు శాతము మించరాదని నియమము కలదు. వీనిలో నేదియు కల్పన కాదు. మా యాక్షేపణ వేఱు. సంచి బరువు తీసివేయవలెనన్న ఖాళీసంచిని కాటాపై వేసి చూచి యంతయే తీసివేయుడు. తేమ హెచ్చుగానున్న కొలుచు యంత్రమున్నది. రైతు చూచుచుండగా కొలిచి, ఆరబెట్టుకొని రమ్మనుడు, లేదా ధరలో తగ్గించి యామాట కాగితముపై వ్రాయుడు. నాణ్యములోని లోపమునకు తగ్గింపవలసినది ధర. తూకమును తగ్గించినచో రెండింటికిని లెక్క మిగులదు. పదునాలుగు శాతము తేమగల యెండుధాన్యమునకును, ఇరువది శాతముగల పచ్చిధాన్యమునకును ఒకటే తరుగైనప్పుడు అది తేమకని యెట్లు నమ్ముట?

ఇక చట్టమేమనుచున్నదో చెప్పుట మా వృత్తిధర్మము. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము, మనవారు తూనికలు కొలతల చట్టమని వ్యవహరించునది, 2011 ఏప్రిల్ 1 నుండి యమలులో నున్నది. దాని 11వ సెక్షను ప్రకారము ధర చెప్పుటయు, బిల్లు వ్రాయుటయు, రశీదు ఇచ్చుటయు ప్రమాణమైన కొలతలలోనే జరుగవలెను. కిలో ప్రమాణము, క్వింటాలు కిలోలకు లెక్క. బస్తా ప్రమాణము కాదు. తరువాతిదైన 12వ సెక్షను చిన్నది. పెక్కుమంది న్యాయవాదులుకూడ దానిని చదివి పేజీ త్రిప్పివేయుదురు. దాని భావమిది: ఒప్పందములో నిర్ణయించిన తూకమునకు, కొలతకు, సంఖ్యకు మించి పుచ్చుకొనుటకు గాని, తక్కువ యిచ్చుటకు గాని దారియిచ్చు ఆచారము, వాడుక, పద్ధతి యెట్టిదైనను చెల్లదు. మామూలు అన్నమాటకు ఇంతకంటె సూటియైన సమాధానము ఏ శాసనమున నుండగలదు? "తాతలనాటినుండి యిట్లే జరుగుచున్నది" యనుట ఇతరవ్యాజ్యములలో బలమైన వాదము కావచ్చును. ఇచట నదియే నేరాంగీకారము.

ఈ సెక్షనునకు ఒక సందు కలదని తెలివిగల వర్తకుడు మాకే చెప్పగలడు. "మా యొప్పందమే 77 కిలోల బస్తా. మించి పుచ్చుకొన్న దేదీ?" యని యతడనును. మాటలతో జరిగిన బేరములో దీనిని కాదని ఋజువు చేయుట కష్టమే. కావుననే రశీదుమీద "నూఱు బస్తాలు" అని వ్రాయించుకొన్న రైతు సగము ఓడినట్లే. "7,500 కిలోలు" అని వ్రాయించుకొన్నచో సెక్షను మేల్కొనును. ఒక్క మాటలో నింత భేదము కలదు. మేము కోరుచున్న సంస్కరణమంతయు ఆ రశీదుకాగితములోని ఆ యొక్కగడిలో నున్నదన్నను తప్పులేదు.

అట్లని పాతపేరులన్నిటిని పట్టి తఱిమివేయవలెననువారితో మేము ఏకీభవింపము. విజయవాడలో ఇండ్లస్థలములు చదరపుగజములలో అమ్ముడగుచున్నవి, పొలములు ఎకరములలో, సెంట్లలో. హెక్టారు కాగితముల మీదనే తప్ప నోట వినబడదు. దానివలన నష్టపడినవా డెవడు? సెంటు 48.4 గజములు, ఎకరము నూఱు సెంట్లు, తెలంగాణమున నలువది గుంటలు. ఈ లెక్క ఏ చేతిలోను మాఱదు. అట్లే బ్యారేజీ వెనుక నీరు పండ్రెండడుగులని చెప్పుదురు. కాలువనీటిని క్యూసెక్కులలో, జలాశయమును టీఎంసీలలో లెక్కింతురు. ఇవి ఘనపుటడుగుల లెక్కలే, మీటరువి కావు. 2024 సెప్టెంబరు వఱదలో బ్యారేజీగుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోయినదన్నప్పుడు బుడమేటిగట్టున నున్నవారికిని, దివిసీమలంకలలో నున్నవారికిని ఆ యంకె యర్థమైనది. అర్థమైన యంకెను మార్చి ఘనపుమీటర్లలో చెప్పి ప్రజలను తికమక పెట్టవలసిన తొందర ఏమియు లేదు. బంగారమున కాసు ఎనిమిది గ్రాములు, అదియు స్థిరమే. తులముమాటనే జాగ్రత్తపడవలెను. శాస్త్రీయమైన తులము 11.66 గ్రాములు, నేడు కొన్ని యంగళ్లలో తులమనగా పది గ్రాములు. ఈ రెంటి నడుమ గ్రామున్నరకు పైగా తేడాయున్నది. బంగారమునకు గ్రామున్నర యెంతయో మీరు మాకంటె బాగుగా నెఱుగుదురు. ఆ యంగడిలోకూడ తరుగు అను మాటయే వినబడుట గమనింపుడు. కళ్లములో పుట్టినమాట అద్దాలబీరువాలోనికి చేరినది.

పట్టణవాసులమైన మనకు ధాన్యపుబస్తాతో పనిలేదని యనుకొనవలదు. నూనెపొట్లము తీసికొనుడు. ఒక లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును; లీటరు పొట్లమును కిలోపొట్లమని కొనుచున్నవా రెందఱో. ప్రక్కప్రక్కన 1 లీటరు, 850 మిల్లీలీటర్ల పొట్లము లొకేయాకారమున నిలిచియుండును. 2022 జూలై 18 నుండి ముద్రవేసి కట్టిన బియ్యముసంచి 25 కిలోలవఱకు పన్ను విధించిరి. వెంటనే అంగళ్లలో 26 కిలోల సంచి ప్రత్యక్షమైనది! పన్నువలన సంచి పెరుగుట వింతయే. మన వర్తకుల యుక్తిని శ్లాఘింపక తప్పదు. అందులో చట్టవిరుద్ధమైన దేమియు లేదు. కాని పాతసంచి ధరతో కొత్తసంచి ధరను పోల్చవలెనన్న ఇల్లాలికి భాగహారము రావలెను. 2021లో సవరించిన నియమములు పొట్లముమీద కిలోకో గ్రాముకో ఎంత పడునో ముద్రింపుమన్నవి. ఆ చిన్నయక్షరములను చదువు నలవాటు చేసికొనుడు. కండ్లద్దములు కావలసివచ్చును.

ఈ పని ప్రభుత్వమే చేయవలెనని కొందఱు మిత్రులందురు. తనిఖీయధికారులు ప్రతి కళ్లమునకు రాలేరు. వచ్చిననాడు తరుగు కనబడదు. మా సంఘసేవకులు ఈ సార్వాకోతలలో తలపెట్టిన కార్యక్రమము చాల సామాన్యమైనది. ప్రభుత్వముద్ర గల ఇరువదికిలోల పడికట్టురాయి యొకటి గ్రామమునకు కొని గ్రంథాలయమునందో సహకారసంఘమునందో ఉంచుట. కాటా వచ్చినవెంటనే, ధాన్యము వేయకమునుపు, ఆ రాతిని దానిమీద పెట్టి చూచుట. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేట ముద్రవేయింపవలెనని నియమము; ఆ ముద్ర యే సంవత్సరపుదో చదువుట. ఖాళీగోనెలు పది కలిపి తూచి సగటు తీసికొనుట. తేమ యంకెను రైతే స్వయముగా చూచి వ్రాసికొనుట. చివర రశీదులో బస్తాలు, కిలోలు రెండును వ్రాయించుట. కిలోలు వ్రాయనన్నవాని పేరు, తేది, కాటాసంఖ్య మాకు తెలుపుట. దావా వేయవలసిన రైతునకు ఫీజు లేకుండ వాదించుటకు మాలో నలుగురము సిద్ధముగా నున్నాము.

"బస్తాకు రెండుకిలోలకై వర్తకునితో వైరమా? విత్తనములకు, ఎరువులకు చేబదులిచ్చు వాడతడే గదా!" యని నిన్న ఒక పెద్దరైతు మమ్ములను మందలించెను. ఆయనమాటలో సత్యము లేకపోలేదు. చేబదులుమీద వడ్డీ యుండనే యున్నది. దానికి తోడు తరుగుకూడ వడ్డీయే. అయినప్పుడు దానినిగూడ వడ్డీయనియే వ్రాయవలెను. పదివేలరూపాయల చేబదులునకు ఏడువేలరూపాయల ధాన్యము తరుగుక్రింద పోవుచున్నచో, ఆ వడ్డీ నూటికి నెలకెంత పడునో లెక్కకట్టి చూపుడని మేమాయన నడిగితిమి. ఆయన కొంతసేపు వ్రేళ్లు ముడిచి, తరువాత కాగితము తెమ్మనెను.

ఆ కాగితము ఇచట బల్లమీదనే యున్నది. దాని ప్రక్కన రశీదు నమూనాలు, మొదటి పడికట్టురాయి యున్నవి. రాయి బరువు, ఎత్తుకొనిపోవు గ్రామమువారు ఇద్దఱు రావలెను. సార్వాకోతలకు మూడువారములే గడువున్నది గనుక, ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డవైపు వెళ్లు సేవకులు నేడే పేర్లు వ్రాయించుకొనవలెను.